టెక్సాస్ డేకేర్‌లో లైసెన్సింగ్ తనిఖీ: ఎక్కడ దొరికిపోతారు, ఎలా సరిచూసుకోవాలి

టెక్సాస్‌లో లైసెన్సు ఉన్న డేకేర్ సెంటర్‌కి ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు ఏడాదికి కనీసం ఒకసారి వస్తారు, అదీ చెప్పకుండా. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మళ్ళీ వస్తారు. పోయినసారి రాసిన లోపం సరిచేశారో లేదో చూడ్డానికీ రావచ్చు. అందుకని ఇన్‌స్పెక్షన్ ముందురోజు హడావిడిగా సర్దుకోవడం అనేది ఇక్కడ కుదరదు. మంగళవారం పొద్దున పదిన్నరకి ఒక టీచరు సెలవులో ఉండి, ఇంకో టీచరు డైపరు మారుస్తూ, ఆఫీసులో ఫోను మోగుతూ ఉన్నప్పుడు మీ సెంటర్ ఎలా ఉంటుందో, రిపోర్టులోకి అదే ఎక్కుతుంది.

ఫ్రిస్కో, ఇర్వింగ్, కేటీ లాంటి చోట్ల సొంతంగానో ఫ్రాంచైజీ తీసుకునో డేకేర్ నడుపుతున్న తెలుగువాళ్ళకీ, అక్కడ టీచర్లుగా చేస్తున్నవాళ్ళకీ పనికొచ్చేలా ఇది రాశాం. ఈ సెంటర్లు హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్‌లోని చైల్డ్ కేర్ రెగ్యులేషన్ విభాగం కిందికి వస్తాయి. సెంటర్లకు వర్తించే మినిమమ్ స్టాండర్డ్స్ చాప్టర్ 746లో ఉన్నాయి, ఇంట్లో నడిపే డేకేర్లకు 747. కమిషన్ వెబ్‌సైట్ నుంచి తాజా ప్రతి దించుకుని పెట్టుకోండి. నాలుగేళ్ళ కిందటి ప్రింటవుట్‌ను బైండర్లో పెట్టుకుని దాన్నే నమ్ముకున్న సెంటర్లు చాలానే ఉన్నాయి, నియమాలేమో మధ్యలో మారుతూ ఉంటాయి.

ప్రతి నియమానికీ ఒక బరువు ఉంటుంది: హై, మీడియం హై, మీడియం, మీడియం లో, లో. గోడమీద మెనూ పెట్టకపోవడం, పసిపాపను బోర్లా పడుకోబెట్టడం రెండూ లోపాలే గానీ, రెండూ ఒకే స్థాయివి కావు. సమయం తక్కువగా ఉంటే హై, మీడియం హై బరువున్న వాటినుంచి మొదలుపెట్టండి. చాలామంది తిరగేసి చేస్తారు. ముందు గోడలు తుడిచి, ఫైళ్ళకు కొత్త లేబుళ్ళు అంటించి, పిల్లల లెక్కను చివరికి వదిలేస్తారు.

పిల్లల లెక్క

ఒక్కొక్క టీచరు దగ్గర ఉండదగ్గ పిల్లల సంఖ్య ఇదీ:

0–11 నెలలు: 4గురు
12–17 నెలలు: 5గురు
18–23 నెలలు: 9 మంది
2 ఏళ్ళు: 11 మంది
3 ఏళ్ళు: 15 మంది
4 ఏళ్ళు: 18 మంది
5 ఏళ్ళు: 22 మంది
6–13 ఏళ్ళు: 26 మంది

ఇవి కాక గ్రూపు మొత్తం మీదా పరిమితి ఉంది. ఏడాదిలోపు పిల్లల గదిలో ఇద్దరు టీచర్లున్నా 10 మందికి మించకూడదు. మూడేళ్ళవాళ్ళయితే 30, నాలుగేళ్ళు దాటినవాళ్ళయితే 35. టీచర్లు ఎక్కువమంది ఉన్నారు కదా అని 40 మందిని ఒకచోట కూర్చోబెడితే తప్పే.

రోజు మధ్యలో చూస్తే ఏ సెంటర్లో అయినా ఈ లెక్క సరిపోతుంది. చెడేది అంచుల దగ్గర. పొద్దున రెండో టీచరు డ్యూటీ 8 గంటలకు మొదలవుతుంది, అయిదో పసిపాప 7:40కే వచ్చేస్తుంది. మధ్యాహ్నం ఒక టీచరు భోజనానికి వెళ్ళగానే ఇంకో టీచరు ఒక బాబును బాత్రూముకి తీసుకెళ్తారు. సాయంత్రం అయిదున్నర దాటాక గదులు కలిపేస్తారు. ఇన్‌స్పెక్టరు ఆ సమయంలోనే రానక్కర్లేదు. పిల్లలు వచ్చి వెళ్ళిన సమయాలూ, స్టాఫ్ గంటలూ పక్కపక్కన పెడితే కాగితం మీదే బయటపడుతుంది.

అదే పని మీరు ముందు చేయండి. గత రెండు వారాల సైన్-ఇన్, సైన్-అవుట్ సమయాలు తీసుకోండి. ఒక్కో గదికి ఒక్కో కాగితం మీద రోజును 15 నిమిషాల గళ్ళుగా విడగొట్టండి. ప్రతి గడిలో పైన పిల్లల సంఖ్య, కింద ఆ గదిలో నిజంగా ఉన్న టీచర్ల సంఖ్య రాయండి. షెడ్యూల్లో ఉన్నది కాకుండా, గడియారంలో పంచ్ చేసింది రాయాలి. లెక్క తప్పిన గళ్ళకు ఎర్రరంగు వేస్తే, అన్నీ రోజూ ఒకే అరగంటలో కనిపిస్తాయి. చాలాసార్లు కొత్త మనిషిని తీసుకోనక్కర్లేదు, ఒక టీచరు డ్యూటీని 30 నిమిషాలు ముందుకు జరిపితే చాలు.

లెక్కలో ఎవర్ని కలపకూడదో కూడా చూసుకోండి. వంట చేస్తున్న మనిషి, ఆఫీసులో ఫోను మాట్లాడుతున్న డైరెక్టరు ఆ సమయంలో పిల్లల్ని చూస్తున్నట్టు కాదు. "అవసరమైతే లోపలికి వస్తారు" అనే సమాధానం చెల్లదు.

ఇన్‌స్పెక్టరు గదిలోకి రాగానే టీచర్ని చాలామటుకు అడిగే ప్రశ్న: మీ దగ్గర ఇప్పుడు ఎంతమంది? టీచరు వెనక్కి తిరిగి వేలితో లెక్కపెట్టడం మొదలుపెడితే అక్కడే అనుమానం వస్తుంది. అంకె చెప్పగలగాలి, షీటులో అదే అంకె ఉండాలి, గదిలోనూ అంతమందే ఉండాలి. ఈ మూడూ కలవకపోవడానికి మామూలు కారణం, పిల్లవాణ్ణి పక్క గదికి మార్చి కాగితం మార్చకపోవడం. మందు ఒకటే: పిల్లవాడు తలుపు దాటితే పేరు కూడా దాటాలి. ఆటస్థలానికి బయల్దేరే ముందు, అక్కడ చేరాక, లోపలికి వచ్చే ముందు, వచ్చాక నాలుగుసార్లూ పేరు చదువుతూ ముఖం చూడండి. ఊరికే తలలు లెక్కపెడితే పక్క క్లాసు పిల్లవాడు ఒకడు కలిసినా అంకె సరిపోతుంది, మీ పిల్లవాడు గొట్టపు స్లైడులోనే ఉండిపోతాడు.

పసిపాపల గది

తనిఖీలో అందరికంటే ఎక్కువసేపు నిలబడి చూసేది ఇక్కడే. ఏడాదిలోపు పాపను వెల్లకిలా పడుకోబెట్టాలి. క్రిబ్‌లో (చుట్టూ కమ్మీలున్న పసిపాపల మంచం) గట్టి పరుపు, దానికి బిగుతుగా పట్టిన దుప్పటి, అంతే. దిండు, కప్పుకునే దుప్పటి, బొమ్మ, కమ్మీలకు కట్టే మెత్త (బంపరు) ఏవీ ఉండకూడదు. గుడ్డలో చుట్టి పడుకోబెట్టకూడదు. వేరేలా పడుకోబెట్టాలంటే డాక్టరు సంతకంతో స్లీప్ ఎక్సెప్షన్ ఫారం ఫైల్లో ఉండాలి, అమ్మానాన్నల మాట సరిపోదు. అటూ ఇటూ తనంతట తాను తిరగగలిగే పాప నిద్రలో బోర్లా తిరిగితే మాత్రం మళ్ళీ తిప్పనక్కర్లేదు.

కార్ సీటులోనో, ఉయ్యాల కుర్చీలోనో, బౌన్సరులోనో పాప నిద్రపోతే వెంటనే తీసి క్రిబ్‌లో పడుకోబెట్టాలి. "ఇప్పుడే నిద్రపోయింది, కదిపితే లేస్తుంది" అని వదిలేసిన చోటే రాసేస్తారు. దీనివెనక కారణం గట్టిదే. వాలుగా కూర్చున్నప్పుడు తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆని, పసివాళ్ళ ఊపిరిగొట్టం మూసుకుపోవచ్చు.

క్రిబ్ కమ్మీల మధ్య ఖాళీ 2 3/8 అంగుళాలకు మించకూడదు. సోడా క్యాను దూరితే ఆ క్రిబ్ పనికిరాదు. పక్క కిందికి దిగే పాత రకం క్రిబ్‌ల అమ్మకాన్ని 2011 జూన్ 28 నుంచి ఆపేశారు, 2012 డిసెంబరు 28 నుంచి డేకేర్లు కూడా కొత్త ప్రమాణానికి తగినవే వాడాలి. ఎవరో ఇచ్చిన పాత క్రిబ్ స్టోర్‌రూమ్‌లో ఉంటే అక్కడ కూడా ఉంచకండి. రద్దీ రోజున ఎవరో ఒకరు బయటికి తీస్తారు.

మన కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న సెంటర్లలో ఇంకో మాట ముందే మాట్లాడుకోవాలి. తల గుండ్రంగా రావాలని అమ్మమ్మ పంపిన ఆవాల దిండు, దిష్టి తగలకుండా కట్టిన నల్లపూసలు, మెడలో గొలుసు, వదులైన మొలతాడు. వీటిలో దిండు క్రిబ్‌లోకి రానే కూడదు. మెడకు చుట్టుకునేవి ఊపిరి ఆపేస్తాయి, పూసలు తెగితే నోట్లోకి పోతాయి. చేర్చుకునే రోజునే నిదానంగా, గౌరవంగా చెప్పి, ఇంటి దగ్గరే తీసి పంపమని రాసివ్వండి. "వద్దు" అని ఊరుకోకుండా కారణం కూడా చెబితే పెద్దవాళ్ళు వింటారు. ఇన్‌స్పెక్టరు ఎదురుగా పాప మెడలోంచి గొలుసు తీయాల్సి రావడం ఇద్దరికీ ఇబ్బందే.

సీసా పాలు పట్టేటప్పుడు పాపను ఎత్తుకోవాలి, లేదా సీసాను టీచరే పట్టుకోవాలి. దిండుకో దుప్పటికో ఆనించి వదలకూడదు. ప్రతి సీసా మీదా పేరుండాలి. ఇంటిపేరు ఒక్కటే రాస్తే ఒకే గదిలో ఇద్దరు రెడ్డిలో, ముగ్గురు రావులో ఉన్నప్పుడు తల్లిపాలు తారుమారవుతాయి. పూర్తి పేరు, తేదీ రాయించండి.

డైపరు బల్ల, చేతులు, బ్లీచ్

బల్ల తుడిచే పద్ధతిలో రెండు పొరపాట్లు పదేపదే జరుగుతాయి. మొదటిది, మురికి కడగకుండానే సూక్ష్మజీవులను చంపే మందు కొట్టడం. మురికి మీద ఆ మందు పనిచేయదు. ముందు సబ్బునీళ్ళతో కడిగి, నీళ్ళతో తుడిచి, తర్వాతే మందు కొట్టాలి. రెండోది, కొట్టిన వెంటనే తుడిచేయడం. సీసా లేబుల్ మీద ఎన్ని నిమిషాలు తడిగా ఉంచాలో రాసి ఉంటుంది, అంతసేపూ ఉంచాలి. బ్లీచ్ నీళ్ళు వాడేవాళ్ళు ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవ ఉంటే క్లోరిన్ బలం పోతుంది. పాత చార్టుల్లో కొలతలు 5.25 శాతం బ్లీచ్‌కి రాసినవి. ఇప్పుడు దుకాణంలో దొరికేవి చాలావరకు అంతకంటే చిక్కనివి, 8.25 శాతంవి కూడా ఉంటాయి. గోడమీది పాత కాగితం చింపేసి సీసా మీది కొలత రాసి పెట్టండి.

డైపరు మార్చాక టీచరు చేతులతోపాటు పాప చేతులు కూడా కడగాలి. ఈ రెండోది అందరూ మర్చిపోతారు. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని కడగకపోవడం ఇంకో అలవాటు.

వేడినీళ్ళు, హ్యాండ్‌బ్యాగు, మందులు

పిల్లలకు అందే కొళాయిలో నీళ్ళు 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదు, అంటే దాదాపు 49 సెల్సియస్. 140 డిగ్రీల నీళ్ళకు తీవ్రంగా కాలడానికి ఆరు సెకన్లు చాలు, 120 దగ్గర అయిదు నిమిషాలు పడుతుందని అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ (CPSC) చెబుతుంది. వంటింట్లో వాడే థర్మామీటరుతో నెలకోసారి చూడండి. హీటర్‌కి దగ్గరగా ఉన్న సింకు దగ్గర, నీళ్ళు ఒకటి రెండు నిమిషాలు వదిలాక కొలవాలి. వదలగానే కొలిస్తే గొట్టంలో చల్లారిన నీళ్ళే వస్తాయి, అంకె తక్కువ చూపిస్తుంది. గిన్నెలు కడిగే సింకు కోసం ఎవరో హీటరు పెంచితే ఆ ప్రభావం పసిపాపల గదిలోనూ కనిపిస్తుంది.

శుభ్రం చేసే మందులు తాళంలో పెట్టే సెంటర్లలో కూడా టీచర్ల హ్యాండ్‌బ్యాగులు కుర్చీకి వేలాడుతుంటాయి. అందులో తలనొప్పి మాత్రలు, సానిటైజరు, నాణేలు, లైటరు. ఇవన్నీ పిల్లలకు అందే చోట ఉన్నట్టే లెక్క. ప్రతి గదిలో ఎత్తున ఒక తాళం అల్మరా పెట్టించండి, వెయ్యి మాటలకంటే అది నయం. పిల్లల డైపరు బ్యాగులు కూడా రోజూ చూడండి. అడుగున టైలెనాల్ సీసానో గ్రైప్ వాటరో ఉంటుంది, పంపినవాళ్ళకే గుర్తుండదు.

మందు ఇవ్వాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, అసలు సీసా, సీసా మీద పిల్లవాడి పేరు ఉండాలి. ఏ మందు, ఎంత, ఏ రోజు, ఏ సమయానికి, ఎవరు ఇచ్చారో అప్పటికప్పుడు రాయాలి. సాయంత్రం కూర్చుని గుర్తుచేసుకుని రాసిన రికార్డు చూడగానే తెలిసిపోతుంది, అన్నీ ఒకే పెన్నుతో 12:00, 12:00, 12:00 అని ఉంటాయి.

అన్నం డబ్బాలు, ఎలర్జీలు

ఎలర్జీ ఉన్న పిల్లవాడికి డాక్టరు, తల్లిదండ్రులు సంతకం చేసిన అత్యవసర ప్రణాళిక ఫైల్లో ఉండాలి. వంటగదిలోనూ, తినే చోటా ఉన్న ప్రతి పెద్దవారికీ ఆ పిల్లలెవరో తెలిసి ఉండాలి. తీవ్రమైన ఎలర్జీ వచ్చినప్పుడు వేసే ఎపినెఫ్రిన్ ఇంజెక్షను పిల్లలకు అందకుండా, టీచరుకు క్షణంలో అందేలా ఉండాలి. ఆఫీసులో తాళం వేసి, తాళంచెవి డైరెక్టరు దగ్గర ఉంటే ప్రయోజనం లేదు. పిల్లవాడు ఆటస్థలానికి వెళ్తే ఆ సంచీ కూడా వెళ్ళాలి. గడువు తేదీని క్యాలెండర్లో నెల ముందుగానే రాసుకోండి.

"నట్ ఫ్రీ" అని బోర్డు పెట్టిన సెంటర్‌కి మన ఇళ్ళనుంచి వచ్చే డబ్బాల్లో దాక్కుని వచ్చేవి పల్లీలు. ఇడ్లీలోకి పల్లీ చట్నీ, ఉప్మాలో జీడిపప్పు, పులిహోరలో వేరుశెనగలు, అన్నంలో కలిపిన పొడి. "పీనట్ బటర్ పంపకండి" అని ఇంగ్లీషు కాగితం ఇస్తే వీటి సంగతి ఎవరికీ తట్టదు. పల్లీ, జీడిపప్పు, బాదం, నువ్వులు అని పేరుపేరునా తెలుగులో రాసివ్వండి. నువ్వులను అమెరికా ప్రధాన ఎలర్జీ పదార్థాల్లో తొమ్మిదోదిగా 2023 జనవరి 1 నుంచి లేబుళ్ళ మీద రాయాలి, కాబట్టి నువ్వుల పొడి కూడా ఆ జాబితాలో ఉండాలి.

గొంతుకు అడ్డుపడేవి వేరే. నాలుగేళ్ళలోపు వాళ్ళకు గుండ్రని ద్రాక్షపండు, పాప్‌కార్న్, గింజలు, చక్రాల్లా కోసిన హాట్‌డాగ్, గట్టి మురుకు ముక్కలు ఇవ్వకూడదు. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. అడ్డంగా కోస్తే ముక్క గుండ్రంగానే ఉంటుంది, గొంతులో సరిగ్గా బిగుసుకుంటుంది. ఫ్రిజ్ 40 డిగ్రీల ఫారెన్‌హీట్, లేదా అంతకంటే తక్కువ ఉండాలి. లోపల థర్మామీటరు తలుపు దగ్గర కాకుండా మధ్య అరలో పెట్టండి.

ఆటస్థలం

పొద్దున పిల్లలు వెళ్ళేముందు ఒక మనిషి అయిదు నిమిషాలు నడవాలి. టెక్సాస్‌లో మొదట చూడాల్సింది నిప్పుచీమల పుట్టలు. వాన పడ్డ మర్నాడు కంచె పొడవునా లేచిపోతాయి. తర్వాత స్లైడును అరచేత్తో తాకి చూడండి. జులైలో ప్లాస్టిక్ కూడా చర్మం కాల్చేంత వేడెక్కుతుంది.

పరికరం కింద పోసిన చెక్కపొట్టు ఎత్తు అందరూ పోసిన రోజున కొలుస్తారు, మళ్ళీ కొలవరు. స్వింగు కింద, స్లైడు చివర పిల్లల కాళ్ళకు అది వారంలోనే చెదిరిపోతుంది, సరిగ్గా పడేది కూడా అక్కడే. వినియోగదారుల భద్రతా సంస్థ చేతిపుస్తకం ప్రకారం నొక్కుకుపోయిన తర్వాత 9 అంగుళాలు ఉండాలి, కాబట్టి పోసేటప్పుడు 12 అంగుళాలు పోయాలి. స్తంభాలకు 9 అంగుళాల దగ్గర రంగుతో గీత గీస్తే ఎవరైనా ఒక్క చూపులో చెప్పగలరు. పరికరం చుట్టూ కనీసం 6 అడుగుల మేర ఖాళీ ఉండాలి. మూడున్నర నుంచి 9 అంగుళాల మధ్య ఉన్న సందుల్లో పిల్లల ఒళ్ళు దూరి తల ఇరుక్కుంటుంది, కంచె పలక ఒకటి ఊడినా సరిగ్గా ఆ కొలతే వస్తుంది.

కాగితాలు, డ్రిల్స్

ఇక్కడ కష్టమేమీ లేదు, క్రమం కావాలి. స్టాఫ్ ఫైల్లో వేలిముద్రల బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫలితం ఆ మనిషి పిల్లల దగ్గరికి వెళ్ళకముందే వచ్చి ఉండాలి, అయిదేళ్ళకోసారి మళ్ళీ చేయించాలి. కొత్త టీచరుకు 24 గంటల ముందస్తు శిక్షణలో 8 గంటలు గ్రూపు అప్పగించే ముందే పూర్తవ్వాలి, ఆ తర్వాత ఏటా 24 గంటలు. పిల్లల ఫైళ్ళలో తరచూ లేనిది టీకాల తాజా కాగితం. చేరిన రోజు ఇచ్చినదే ఉంటుంది, ఆ తర్వాత వేయించిన డోసులు ఎక్కవు. నెలకోసారి ఒక గది ఫైళ్ళు చూస్తే, ఆరు గదులున్న సెంటర్లో ఏడాదిలో అన్నీ రెండుసార్లు తిరగేసినట్టవుతుంది.

ఫైర్ డ్రిల్ నెలకోసారి, అందరూ 3 నిమిషాల్లో బయటికి రావాలి. తుపాను డ్రిల్, లాక్‌డౌన్ డ్రిల్ ఏడాదికి నాలుగేసి సార్లు. తేదీ, సమయం, పట్టిన నిమిషాలు రాయాలి. ఎప్పుడూ పది గంటలకే చేయకండి, ఒకసారి పిల్లలు నిద్రపోయే వేళ చేసి చూడండి. చక్రాల క్రిబ్ గుమ్మంలోంచి పడుతుందా, బయట ర్యాంపు దగ్గర ఆగిపోతుందా అనేది అప్పుడే తెలుస్తుంది. అగ్నిమాపక సిలిండరును నెలనెలా చూసి సంతకం పెట్టాలి. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఎక్కువగా మాయమయ్యేవి కత్తెర, ట్వీజర్లు, థర్మామీటరు. గడువు దాటేది యాంటీసెప్టిక్.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు

గుర్తింపు కార్డు చూసి లోపలికి పంపండి. ఆపడం, ఆలస్యం చేయడం దానికదే పెద్ద లోపం. తలుపు దగ్గర ఉన్నవాళ్ళు పక్క గదులకు రహస్యంగా మెసేజీలు పంపి, పిల్లల్ని ఇటూ అటూ మార్చే పని చేయొద్దు. అప్పుడే లెక్కలు తప్పుతాయి. డైరెక్టరు లేని సమయాల్లో బాధ్యత ఎవరిదో, ఫైళ్ళ తాళాలు ఎక్కడున్నాయో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. టీచర్లను అడిగితే తెలిసింది చెప్పమనండి. తెలియకపోతే "డైరెక్టరుని అడిగి చెబుతాను" అంటే తప్పులేదు, ఊహించి చెప్పడమే ప్రమాదం. పక్కన నడుస్తూ మీరూ రాసుకోండి: ఏ గది, ఎన్ని గంటలు, ఏం చూశారు.

వెళ్ళేముందు కూర్చుని లోపాలు చదివి వినిపిస్తారు. ప్రతి లోపానికీ నియమం నంబరు, సరిచేయాల్సిన గడువు అడిగి తెలుసుకోండి. అక్కడికక్కడే సరిచేయగలిగినవి సరిచేసి చూపించండి, ఆ సంగతి కూడా రిపోర్టులో రాస్తారు. మీరు పెట్టే సంతకం కాగితం అందిందని మాత్రమే, ఒప్పుకున్నట్టు కాదు. రాసింది తప్పనిపిస్తే 15 రోజుల్లోగా అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ (ఆ లోపాన్ని మళ్ళీ పరిశీలించమనడం) కోరవచ్చు, మీరు రాసుకున్న గంటలూ గదులూ అప్పుడు పనికొస్తాయి. కోపంతో రాసిన ఉత్తరంకంటే ఆ రోజు సైన్-ఇన్ షీటు నకలు ఎక్కువ పనిచేస్తుంది.

తాజా తనిఖీ కాగితాన్ని తల్లిదండ్రులకు కనిపించేలా గోడమీద పెట్టాలి, ఎలాగూ కమిషన్ వెబ్‌సైట్‌లో సెంటర్ పేరు కొడితే గత అయిదేళ్ళ చరిత్ర వస్తుంది. అది చదువుకుని వచ్చిన తల్లిదండ్రులు అడిగితే ఏం జరిగిందో, ఏం మార్చారో రెండు వాక్యాల్లో చెప్పండి. వాళ్ళు నిజంగా చూసేది ఎన్ని లోపాలున్నాయని కాదు, ఒకే నియమం మూడేళ్ళు వరసగా పడిందా అని. గళ్ళ కాగితం మీద ఎర్రరంగు పడ్డ అరగంటను ముందే సరిచేసుకుంటే ఆ వరస మొదలు కాదు.